పొయ్యిలో పడిన నత్రజని బూడిదలో దొరకదు

(పంట వ్యర్థాల ఇంధనం గురించి సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పంట వ్యర్థాలు కొంటామని మన ఊళ్లకు బేరగాళ్లు వస్తున్నారు. వేరుశనగ పొట్టు, కంది కట్టె, సర్కారు తుమ్మ, ఆఖరికి పశువులకు దాచుకున్న వేరుశనగ కట్టె కూడా అడుగుతున్నారు. ఇటుక బట్టీకి అంటారు, బాయిలర్‌కు అంటారు, గుళికల మిల్లుకు అంటారు, కరెంటు ప్లాంటుకు అంటారు. థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతో పాటు పంట వ్యర్థాల గుళికలు కూడా కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021లో విధానం ప్రకటించింది. కాబట్టి ఈ బేరం ఇప్పట్లో ఆగేది కాదు.

అమ్మాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు. రేటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మనం అమ్మేది ఏమిటో తెలియాలి. పొట్టు అమ్మినా కట్టె అమ్మినా దాంతో పాటు మూడు సరుకులు పోతాయి. ఒకటి కర్బనం, రెండోది పొటాష్, భాస్వరం వంటి ఖనిజాలు, మూడోది నత్రజని. కర్బనం మండి వేడి ఇస్తుంది, వాళ్లు కొనేది దాన్నే. ఖనిజాలు చాలావరకు బూడిదలో మిగులుతాయి. నత్రజని మాత్రం వేడీ ఇవ్వదు, బూడిదలోనూ మిగలదు. ఈ రోజు మాట దాని గురించే.

నత్రజని రెండు రకాలు

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. గాలి నిండా ఉన్నది పోతే ఏం నష్టం అని మీరు అడగవచ్చు. గాలిలో ఉన్న నత్రజని రెండేసి పరమాణువులు గట్టిగా ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పడం మొక్కకు చేతకాదు. ఫ్యాక్టరీలో విప్పాలంటే విపరీతమైన వేడి, ఒత్తిడి కావాలి. 1913లో జర్మనీలోని ఓపావులో ఆ పని పెద్ద ఎత్తున మొదలైంది. మన యూరియా బస్తా దాని వారసత్వమే.

వేరుశనగ వేరు బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు మాత్రం ఏ ఫ్యాక్టరీ లేకుండా, మన ఎర్ర గరుసు నేలలో, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో ఆ ముడి విప్పుతాయి. అలా విప్పిన నత్రజని ఆకులో, కాయలో మాంసకృత్తులుగా కుదురుకుంటుంది. కాబట్టి గాలిలో నత్రజని వేరు, మొక్కలో కట్టుబడిన నత్రజని వేరు. మొదటిది ఎవరి సొత్తూ కాదు. రెండోది మన నేల, మన వాన, మన చెమట కలిసి సంపాదించినది. పొయ్యిలో పడితే రెండోది మళ్లీ మొదటిది అయిపోతుంది. కొంత భాగం విషవాయువు కూడా అవుతుంది.

దేనిలో ఎంత

రకాన్ని బట్టి, నేలను బట్టి ఈ లెక్కలు కాస్త అటూ ఇటూ మారతాయి. అయినా అంచనాకు సరిపోతాయి. తుమ్మ, సరుగుడు, నీలగిరి వంటి కట్టెల్లో నత్రజని నూటికి అర పాలు కూడా ఉండదు. వరి ఊక కూడా దాదాపు అంతే. వేరుశనగ పొట్టులో సుమారు ఒక పాలు ఉంటుంది. పత్తి కట్టెలోనూ ఒక పాలు దాకా ఉండవచ్చు. వేరుశనగ కట్టెలో, అంటే ఆకుతో కూడిన తీగలో, ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు. ఎండిన పేడలోనూ అంతే.

దీన్ని బస్తాల్లోకి మార్చుదాం. 45 కిలోల యూరియా బస్తాలో నూటికి 46 పాళ్ల లెక్కన 20.7 కిలోల నత్రజని ఉంటుంది. టన్ను పొట్టులో 10 కిలోలు, అంటే అర బస్తా. టన్ను వేరుశనగ కట్టెలో 15 కిలోలకు తక్కువ ఉండదు, అంటే ముప్పావు బస్తా. పది టన్నుల పొట్టు లారీ ఊరు దాటితే దాని వెంట దాదాపు ఐదు బస్తాల యూరియా సరుకు పోయినట్టు.

ఇప్పుడు ఎకరా లెక్క చూద్దాం. ఓ మాదిరి ఏడాదిలో ఎకరాకు నాలుగు క్వింటాళ్ల బుడ్డలు వచ్చాయనుకుందాం. అందులో పొట్టు క్వింటాలుకు కాస్త ఎక్కువ. దానిలో నత్రజని కిలో పైచిలుకు మాత్రమే. గింజలో నూటికి నాలుగు పాళ్లకు పైగా నత్రజని ఉంటుంది. కాబట్టి గింజతో పాటు పదీ పన్నెండు కిలోలు మార్కెట్‌కు పోతాయి, దాన్ని ఆపలేం. ఇక మిగిలేది కట్టె. ఐదారు క్వింటాళ్ల కట్టె వస్తే అందులో ఎనిమిది తొమ్మిది కిలోలు. మన చేతిలో ఉన్నది, మళ్లీ మన చేనికి తిప్పుకోగలిగేది ఇదే.

పప్పుజాతి పంట వేస్తే నేలకు బలం అని పుస్తకాల్లో చదువుకున్నాం. ఆకు రాలి, వేరు నేలలో మిగిలే పంటకు ఆ మాట సరే. వేరుశనగను మనం వేరుతో సహా పీకుతాం. ఇంకొద్దిగా వేరు తునకలు, రాలిన ఆకు తప్ప చేనులో ఏమీ మిగలదు. కట్టె పశువు తిని, ఆ పేడ దిబ్బకు చేరి, దిబ్బ చేనికి తోలితేనే ఆ బలం తిరిగి వస్తుంది. ఒకప్పుడు లక్షల హెక్టార్లలో ఏటేటా వేరుశనగే వేసిన జిల్లా మనది. పశువులు తగ్గాయి, దిబ్బలు చిన్నవయ్యాయి. ఆ మిగిలిన కట్టె కూడా పొయ్యికి పోతే చక్రం పూర్తిగా తెగుతుంది.

మంటలో ఏం జరుగుతుంది

కట్టె మండటం ఒక్కసారిగా జరిగే పని కాదు. ముందు తడి ఆవిరి అవుతుంది. తర్వాత వేడికి కట్టె నుంచి పొగ, ఆవిర్లు బయటికి వస్తాయి. మనం చూసే మంట ఆ పొగ మండటమే. చివరికి బొగ్గు మిగిలి నిప్పుకణికగా కాలుతుంది.

నత్రజని రెండో దశలోనే చాలావరకు బయటికి వస్తుంది. అమోనియాగా, హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువుగా, కొంత తారులో కలిసి వస్తుంది. మిగిలినది బొగ్గులో ఉండి కణికతో పాటు కాలుతుంది. బయటికి వచ్చిన దాని గతి ఏమిటనేది అక్కడ ఉన్న గాలిని బట్టి తేలుతుంది. ప్రాణవాయువు ధారాళంగా ఉంటే నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. గాలి తక్కువగా, వేడి ఎక్కువగా ఉంటే చాలావరకు మామూలు నత్రజని వాయువుగా మారుతుంది. కొన్ని రకాల బాయిలర్లలో, 800 నుంచి 900 డిగ్రీల వేడి దగ్గర, కొంత నైట్రస్ ఆక్సైడ్ కూడా పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే, తూకానికి తూకం చూస్తే, సుమారు 270 రెట్లు చెడ్డది.

గాలిలోని నత్రజని కూడా మంటలో మండి ఆక్సైడ్ కాదా అంటే, అవుతుంది, కానీ దానికి చాలా ఎక్కువ వేడి కావాలి. పంట వ్యర్థాలు కాల్చే బాయిలర్లలో సాధారణంగా అంత వేడి ఉండదు. కాబట్టి అక్కడ పొగగొట్టం నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లలో ప్రధాన భాగం ఇంధనంలో ఉన్న నత్రజని నుంచే వస్తుంది. నత్రజని ఎక్కువ ఉన్న సరుకు వేస్తే పొగలో ఆక్సైడ్లు ఎక్కువ. కట్టె వేస్తే తక్కువ. మన చేనుకు ఏది విలువైనదో, వాళ్ల పొగగొట్టానికి అదే చెరుపు.

మంచి బాయిలర్‌లో గాలిని రెండు విడతలుగా ఇస్తారు. మొదటి విడత తక్కువ ఇచ్చి నత్రజనిని మామూలు వాయువుగా మారనిస్తారు. రెండో విడత పైన ఇచ్చి మిగిలిన పొగను మండిస్తారు. దీనివల్ల ఊరి గాలి బాగుపడుతుంది, మంచిదే. కానీ మన చేనుకు వచ్చేది ఏమీ లేదు. ఆక్సైడ్ అయినా, మామూలు వాయువు అయినా, పోయిన నత్రజని పోయినట్టే. ఆక్సైడ్లలో కొంత ఎప్పుడో వానతో కిందికి దిగుతుంది, కానీ ఎవరి చేనులో పడుతుందో గాలి ఇష్టం. ఈలోపు ఎండలో మార్పు చెంది ఓజోన్ పుట్టిస్తుంది. అది మన ఊపిరితిత్తులకూ చెరుపే, పైరు ఆకుకూ చెరుపే.

6 మెగావాట్ల ప్లాంటు ఒకటి రోజంతా నిండుగా నడిస్తే 1,44,000 యూనిట్లు. యూనిట్‌కు కిలోంబావు ఇంధనం అనుకుంటే రోజుకు 180 టన్నులు. అంతా వేరుశనగ పొట్టే వేశారనుకోండి, రోజుకు 1,800 కిలోల నత్రజని, అంటే దాదాపు 87 బస్తాల యూరియాతో సమానం, పొగలో పోతుంది. నిజానికి ప్లాంట్లలో రకరకాల సరుకు కలిపి కాలుస్తారు. కానీ కలిపే దాంట్లో వేరుశనగ కట్టె పాలు పెరిగే కొద్దీ ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

గ్యాసిఫయర్ సంగతి

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు బస్సులు నడిచాయని పెద్దలు చెప్పగా విని ఉంటారు. బస్సు వెనక ఉండే ఆ డ్రమ్మే గ్యాసిఫయర్. కట్టె పూర్తిగా మండటానికి ఎంత గాలి కావాలో అందులో మూడోవంతో నాలుగోవంతో ఇచ్చి ఆపుతారు. అప్పుడు కట్టె మండిపోకుండా మండే గ్యాసుగా మారుతుంది. ఆ గ్యాసును ఇంజనులో వాడతారు.

మనకు దగ్గరలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. మన మడకశిర సరిహద్దు దాటితే తుమకూరు జిల్లా. ఆ జిల్లాలోని హోసహళ్లి అనే చిన్న ఊళ్లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 1988లో గ్యాసిఫయర్ పెట్టారు. ఊరి దీపాలకు, తర్వాత తాగునీటికి, పిండి మరకు దానితోనే కరెంటు ఇచ్చారు. డీజిల్ ఖర్చు బాగా తగ్గింది. వాళ్లు వాడింది పశువుల మేత కాదు, ఊరి దగ్గర ఇంధనం కోసమే పెంచిన తోటలోని కట్టె. ఈ ముక్క మనం గట్టిగా పట్టుకోవాలి.

గ్యాసిఫయర్ నుంచి వచ్చే గ్యాసులో దాదాపు సగం నత్రజని ఉంటుంది. అది చూసి ఇదేదో మన పొట్టులోది అనుకోవద్దు. అది లోపలికి ఊదిన గాలిలోది. ఊరికే వచ్చి ఊరికే పోతుంది. మన సరుకులోని నత్రజని మాత్రం ఎక్కువగా అమోనియా అవుతుంది, కొంత హైడ్రోజన్ సయనైడ్ అవుతుంది. కణకణలాడే బొగ్గు పొర గుండా గ్యాసు దిగేటప్పుడు ఆ అమోనియాలో కొంత విడిపోయి మామూలు నత్రజని అవుతుంది. మిగిలినది గ్యాసుతో పాటు వస్తుంది. అలాగే ఇంజనులోకి పోతే అక్కడ మండి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది.

గ్యాసును నీళ్లతో కడిగితే అమోనియా ఆ నీళ్లలో కరుగుతుంది. అమోనియా అంటే ఎరువే కదా, ఆ నీళ్లు చేనుకు పారించుకుందాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ నీళ్లలో తారు, ఫినాల్ వంటి విషాలు కూడా ఉంటాయి. శుద్ధి చేయకుండా వంకలో వదిలితే బోరు నీళ్లు చెడతాయి. వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని చోట, పడిన నీళ్లను పోగొట్టుకోలేం.

పేరు ఒకటే, పని వేరు

గ్యాసు ప్లాంటు అనగానే గోబర్ గ్యాసు, గ్యాసిఫయర్ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఉన్నారు. నత్రజని దగ్గర ఈ రెండింటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. గోబర్ గ్యాసులో నిప్పు లేదు. గాలి తగలని తొట్టిలో సూక్ష్మజీవులు పేడను పులియబెట్టి కర్బనంలో కొంత గ్యాసు చేస్తాయి. నత్రజని దాదాపు అంతా స్లర్రీలోనే ఉంటుంది, పైగా మొక్కకు తొందరగా అందే రూపంలోకి కొంత మారుతుంది. అదే పేడను పిడకలు చేసి కాలిస్తే వంట అయితే అవుతుంది కానీ నత్రజని బూడిదలో పోసిన పన్నీరే. ఒకే పేడతో వంటా చేసుకుని, ఎరువూ మిగుల్చుకునే దారి గోబర్ గ్యాసు ఒక్కటే.

2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో రిలయన్స్ సీబీజీ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. సీబీజీ అన్నా పులియబెట్టే పద్ధతే. కాబట్టి అటువంటి ప్లాంటు మన వైపు వస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న గడ్డి రేటు ఎంత అని కాదు. గడ్డిలో పోయిన నత్రజని అంతా స్లర్రీలో ఉంటుంది, ఆ స్లర్రీ ఎవరి చేనుకు వస్తుంది అని. ఒప్పందంలో ఆ మాట రాయించుకోవాలి.

మన జిల్లాలో చేసిన ప్రయోగం

పొట్టుకు పొయ్యి తప్ప వేరే దారి లేదనేవాళ్లకు మన అనంతపురం వ్యవసాయ పరిశోధనా కేంద్రమే జవాబు చెప్పింది. అక్కడ 1985 నుంచి ఏళ్ల తరబడి ఒకే చేనులో వేరుశనగ మీద ప్రయోగం నడిపారు. కొన్ని మళ్లకు పూర్తి రసాయన ఎరువు, కొన్నిటికి సగం ఎరువుతో పాటు హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు, కొన్నిటికి సగం ఎరువుతో పాటు అంతే పశువుల ఎరువు వేశారు. పొట్టు వేసిన మళ్లలో నేల కర్బనం ఒట్టి రసాయన ఎరువు వేసిన మళ్ల కంటే ఎక్కువగా నిలిచింది. కర్బనం ఉన్న నేల తేమను పట్టి ఉంచుతుంది. రెండు వానల మధ్య నెల రోజుల ఎడం వచ్చే మన చోట పంట నిలవాలంటే అదే దిక్కు.

పొట్టులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని తక్కువ. పచ్చి పొట్టును విత్తే ముందు నేలలో కలిపితే, దాన్ని కుళ్లించే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొన్నాళ్లు తామే లాక్కుంటాయి, మొలక పసుపెక్కుతుంది. కాబట్టి పశువుల కొట్టంలో పొట్టు పరిచి, మూత్రం పీల్చుకోనిచ్చి, దిబ్బలో వేసి కుళ్లిన తర్వాత తోలుకోవాలి. మూత్రంలోని నత్రజని కూడా అలా దక్కుతుంది.

మరి ఏది అమ్మాలి, ఏది అమ్మకూడదు

ఏదీ అమ్మొద్దు అని నేను చెప్పను. చేతిలో డబ్బులు లేని ఏడాది అది చెప్పడం తేలిక, చేయడం కష్టం. యూరియా బస్తా సబ్సిడీతో 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే, టన్ను పొట్టులో ఉన్న నత్రజని విలువ నూట ముప్పై రూపాయలే కదా అని బేరగాడు అనవచ్చు. నత్రజని వరకే చూస్తే అతని లెక్క తప్పు కాదు. కానీ యూరియా బస్తా నేలకు కర్బనం ఇవ్వదు, పశువుకు మేత కాదు, కరువులో తిండి కాదు. అందుకని సరుకును బట్టి తేల్చుకుందాం.

సర్కారు తుమ్మ కట్టె పొయ్యికి పోవాల్సిన సరుకు. చెరువుల్లో, వంకల్లో అల్లుకుపోయిన ఆ కంపను నరికి అమ్మితే చెరువూ బాగుపడుతుంది, కూలీలకూ పని దొరుకుతుంది. కట్టెలో నత్రజని తక్కువ, పొగా తక్కువ. ఆకు, సన్న కొమ్మలు మాత్రం అక్కడే వదలాలి, నత్రజని ఉండేది వాటిలోనే. మామిడి, చీనీ తోటల్లో కత్తిరించిన కొమ్మలకూ ఇదే పద్ధతి. కంది కట్టెలో లావు మోడు అమ్ముకోవచ్చు, ఆకు, పొల్లు చేనుకే.

పొట్టు మధ్యరకం. మిల్లు దగ్గర గుట్టలుగా పడి ఉన్నది పొయ్యికి పోయినా, కొట్టం, దిబ్బ ఉన్న రైతు తన పొట్టు తాను తెచ్చుకోవడం మేలు. వేరుశనగ కట్టె, పేడ మాత్రం ఏ రేటు ఇచ్చినా పొయ్యికి అమ్మకూడదు. కరువు ఏడాది మేత కోసం మనం ఊరూరా తిరిగే జిల్లాలో, మేతను బాయిలర్‌లో వేయడం అసలుకే ఎసరు పెట్టుకోవడం.

సంఘం తరఫున అడగాల్సినవి

మొదటిది, ఇంధనం కొనే ప్రతి ప్లాంటు బూడిదను తిరిగి రైతుకే ఉచితంగా ఇవ్వాలి. నత్రజని రాకపోయినా పొటాష్, సున్నం, కొంత భాస్వరం వస్తాయి. బొగ్గు కలిపి కాల్చిన బూడిద మాత్రం మనకు వద్దు. తెచ్చుకున్న బూడిదను యూరియాతో గానీ పచ్చి పేడతో గానీ కలపొద్దు. బూడిద కారానికి అమోనియా ఎగిరిపోయి, ఉన్న నత్రజని కూడా పోతుంది. విడిగా, దుక్కిలో చల్లుకోవాలి.

రెండోది, కరువు మండలంగా ప్రకటించిన చోట మేతకు పనికొచ్చే ఏ సరుకునూ ఇంధనంగా కొనకూడదని జిల్లా యంత్రాంగం ఉత్తర్వు ఇవ్వాలి.

మూడోది, పొగగొట్టంలో నైట్రోజన్ ఆక్సైడ్ల కొలతలు, గ్యాసు కడిగిన నీళ్ల పరీక్షలు గ్రామసభ ముందు పెట్టాలి.

నాలుగోది, గోబర్ గ్యాసు తొట్లకు, దిబ్బ గుంతలకు సాయం పెంచాలి. పంట వ్యర్థాలతో కరెంటు తీసేవాళ్లకు ప్రోత్సాహం ఇచ్చే ప్రభుత్వం, ఆ వ్యర్థాలను నేలకు తిప్పే రైతుకు కూడా ఇవ్వడం న్యాయం.

మీ ఊళ్లకు వెళ్లాక ఒక పని చేయండి. ఈ సీజన్లో మీ ఊరి నుంచి ఎన్ని లారీల పొట్టు, ఎన్ని ట్రాక్టర్ల వేరుశనగ కట్టె బయటికి పోయాయో లెక్క రాయండి. టన్ను పొట్టుకు అర బస్తా, టన్ను కట్టెకు ముప్పావు బస్తా చొప్పున వేయండి. ఆ లెక్క పట్టుకుని వచ్చే నెల సమావేశానికి రండి. తీర్మానం ఆ అంకెలతోనే రాద్దాం.